పన్నెండు నిమిషాల సంభాషణ

ఉదయం పదకొండు గంటలకు చైత్రిక రెండు చేతులూ ఆసుపత్రిలో ఎవరిదో వీపు తుడుస్తున్నాయి. చైత్రిక మాత్రం అక్కడ లేదు. నర్సింగ్ నాలుగో ఏడు చదువుతున్న ఆ అమ్మాయి మనసు ఆరు కిలోమీటర్ల అవతల, సాగరతీర విశ్వవిద్యాలయం తరగతి గదిలో కూర్చుని, 'మరణశయ్య మీది రోగితో మాట్లాడే పద్ధతులు' అనే పాఠం వింటోంది.

చెవి వెనక అంటించుకునే ద్విచిత్తిక అనే పరికరం వచ్చి పదేళ్లయింది. పెట్టుకున్నంతసేపూ చేతులనూ నాలుకనూ అదే నడుపుతుంది. మనసు తరగతికి వెళ్తుంది. చదువుకు చదువు, జీతానికి జీతం, చివర పట్టాతో పాటు అనుభవపత్రం. విద్యార్థి జీవితంలో ఒక్క గంట కూడా వృథా కాదని విశ్వవిద్యాలయం ప్రతి స్నాతకోత్సవంలోనూ గొప్పలు చెప్పుకుంటుంది. అప్పుడు చప్పట్లు కొట్టే చేతులు కూడా చాలావరకు ద్విచిత్తికలు నడిపేవే.

రెండు గంటలకు పని ముగిసింది. చైత్రిక ద్విచిత్తిక తీసేసరికి వేళ్లు తడిగా ఉన్నాయి. ఎవరిని తుడిచాయో తెలియదు. తెలుసుకోవాలని ఇన్నేళ్లలో ఎన్నడూ అనిపించలేదు.

ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్న ఒక నడివయసు స్త్రీ ఆమెను చూసి గబగబా లేచి వచ్చింది.

"సైత్రికవి నువ్వేనామ్మా? నాను ఎర్రన్న పెళ్లాన్ని, పైడమ్మని." ఆమె చైత్రిక చెయ్యి పట్టుకుంది. "మొన్న మంగళారం నానొచ్చేసరికే మా మావ పోనాడు. ఆఖర్న నీతోనే మాటాడాడని పక్క మంచపాయన సెప్పాడు. నీ సెయ్యి ఒగ్గనేదట. ఏటన్నాడమ్మా?"

చైత్రిక ఎర్రన్న ముఖం గుర్తు చేసుకోబోయింది. మంగళవారం నాటి పాఠం గుర్తొచ్చింది. శ్వాస మందగించే దశలు, ఒకదాని తర్వాత ఒకటి, చక్కగా గుర్తొచ్చాయి.

"కాసేపు కూర్చోండమ్మా. కనుక్కుని వస్తాను."

పైడమ్మ వింతగా చూసింది. "నువ్వు విన్నమాట ఇంకెవుల్ని కనుక్కుంటావమ్మా?"

అనుభవపత్రాలిచ్చే అధికారి ఆచార్య పట్నాయక్ గది ఆసుపత్రి మొదటి అంతస్తులోనే ఉంది. ఆయన తెర మీద వేలు జరిపి చదివాడు.

"మంగళవారం. ఎర్రన్నతో సంభాషణ, పన్నెండు నిమిషాలు. పూర్తయింది. నాణ్యత ఉత్తమం."

"ఆయన ఏమన్నాడు సార్?"

"మాటలు మేం దాచం. పని జరిగిందా లేదా, అంతే." పట్నాయక్ నవ్వాడు. "రోగులతో మాట్లాడే అంశంలో నీకు తొంభై ఎనిమిది మార్కులొచ్చాయి. ఆవిడకేం చెప్పాలో నీకు నేను చెప్పాలా? 'చివరిదాకా మిమ్మల్నే తలచుకున్నారు' అను. పాఠంలో ఉన్నదేగా."

"ఆయన తలచుకున్నది ఆవిణ్ణి కాకపోతే?"

"ఆవిడకెలా తెలుస్తుంది?"

నున్నగా గీసుకున్న ఆ ముఖం చూస్తే చైత్రికకు అసహ్యం వేసింది. మెట్లు దిగుతుంటే ఆ అసహ్యం తన మీదికే మళ్లింది. ఆయన చెప్పకముందే ఆ వాక్యం తన నాలుక చివర సిద్ధంగా ఉంది మరి.

ఆమె దాన్ని పలకలేదు. మంగళవారం ఉదయం తను ఎక్కడుందో, ఎర్రన్న పట్టుకున్న చేతిని ఏది నడిపిందో ఉన్నదున్నట్టు చెప్పేసింది. ద్విచిత్తిక గురించి పైడమ్మ వినే ఉంది. తన భర్త మంచం దగ్గరికి కూడా అది వస్తుందని మాత్రం అనుకోలేదు.

"అయితే ఆ పన్నెండు నిమిషాలూ మా మావ ఎవులితో మాటాడినట్టు?"

చైత్రిక జేబులోంచి ద్విచిత్తిక తీసి చూపించింది.

"సదువుకున్నోల్లు!" అంది పైడమ్మ. మెట్ల పక్కన ఉమ్మేసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

మర్నాడు చైత్రిక ద్విచిత్తిక లేకుండా పనికి వచ్చింది. హాజరు పడదు, జీతం రాదు, పట్టా కూడా ఆగిపోవచ్చు. తెలిసే వచ్చింది. తొమ్మిదో మంచం మీది ముసలాయన్ను ఆరు రోజులుగా తనే చూసుకుంటున్నట్టు చీటీలో రాసి ఉంది. ఆయన తల ఎలా ఎత్తి పట్టుకోవాలో తెలియక, తాగించబోయిన నీళ్లు సగం గడ్డం మీదుగా ఛాతీ మీదికి ఒలకబోసింది.

"ఏటమ్మా, నీళ్లన్నీ ఒలకబోసేస్తన్నావు?"

"ఇవాళే పనిలో చేరాను తాతా."

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. "ఆరు దినాల్నించి నువ్వే కదా సూస్తన్నావు! ఎడం బుజం నొప్పెడతందని రోజూ సెప్తన్నాను. 'మీ బాధ నాకర్థమవుతోంది' అంటావు. దుప్పటి సర్దేసి ఎలిపోతావు."

చైత్రిక గ్లాసు కింద పెట్టింది. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"ఎక్కడ తాతా? చూపించు."