నీలి మూత పికప్

“ఒక మనిషి, ఒక జాబితా, ఒక వంతెన. లెక్క ఇంతే,” అన్నాడు బాబాయ్.

ఏజెంట్ నైన్‌కి ఆయన చుట్టం కాదు, పదకొండేళ్లు పని నేర్పిన చీఫ్. డిపార్టుమెంటులో అందరికీ బాబాయే.

ఆ మనిషి, విదేశీ ముఠాలో ఉంటూ వీళ్లకు కబుర్లు చేరవేసిన అందగత్తె. కోడ్ నేమ్ ముత్యం. ఆమె లిప్‌స్టిక్ గొట్టంలో మైక్రోఫిల్మ్. డిపార్టుమెంటులో అమ్ముడుపోయిన వాళ్ల పేర్లన్నీ అందులో ఉన్నాయి. దాన్ని చదివే మెషిన్ వంతెన అవతలి ఆఫీసులోనే ఉంది.

“ఆ ముత్యాన్ని నమ్మకురా,” అన్నాడు బాబాయ్. “బండిని నమ్ము. ట్యాంకులు రెండూ నా చేత్తో నింపాను.”

నైన్, ముత్యం ఎక్కిన కొత్త నీలం డీజిల్ పికప్ బయల్దేరింది. వంతెన గేటు రెండు కిలోమీటర్లుందనగా డాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలిగింది: ‘ఎగ్జాస్ట్ ఫ్లూయిడ్ నాణ్యత లేదు. ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే గరిష్ఠ వేగం గంటకు ఎనిమిది కిలోమీటర్లు.’

పొగలోని విషాన్ని విరిచే యూరియా ద్రావణం అది. అది సరిగా లేకపోతే ఈ కాలపు బండి మొరాయిస్తుంది. గేటు దగ్గర తనిఖీకి ఇంజన్ ఆపాలి. ఆ తర్వాత వంతెన మీద నత్తనడకే.

నైన్ ఇంజన్ ఆపకుండా దిగాడు. ఆ ద్రావణం ట్యాంకు నీలి మూత తిప్పి, లోపల వేలు ముంచి, ఒక బొట్టు వేడి బానెట్ మీద వేశాడు. ఆరితే తెల్లటి మరక మిగలాలి. ఏమీ మిగల్లేదు. ఉత్త నీళ్లు.

ఈ పరీక్ష నేర్పిందీ బాబాయే. తాను నింపిన ట్యాంకును శిష్యుడు పరీక్షిస్తాడని ఆయన అనుకోలేదు.

“నన్ను అనుమానిస్తున్నావా?” అంది ముత్యం.

“నువ్వైతే బావుండేది.”

పక్కనే ఉల్లిపాయల వ్యాపారి పాత పికప్ ఆగి ఉంది. ఇరవై ఏళ్ల బండి. దానికి నీలి మూతే లేదు.

“గంటసేపు మీ బండివ్వండి. మాది మీ దగ్గరుంచుకోండి. వంతెన మాత్రం ఎక్కించొద్దు.”

“కొత్తదిచ్చి డొక్కు తీసుకుంటావా? ఎండదెబ్బ తగిలిందా నాయనా?” అంటూనే తాళాలిచ్చాడు.

గేటు తనిఖీలో ఉల్లిపాయల ఘాటుకు గార్డే కళ్లు తుడుచుకుని పొమ్మన్నాడు. వంతెన మీద తువ్వాళ్ల కింద తుపాకులు దాచిన ఇద్దరు నీలం పికప్ కోసం చూస్తున్నారు. డొక్కు బండి వాళ్ల మొహాన నల్లపొగ వదిలి దాటిపోయింది.

అవతలి ఒడ్డున నైన్ ఆఫీసు కమాండోలను వంతెన మీద కాపు పెట్టించి, వైర్‌లెస్ తీశాడు. బాబాయ్ కాదేమోనన్న ఒక్క ఆశ మిగిలింది.

“బాబాయ్, బండి ముక్కుతోంది. మూడో దీపస్తంభం దగ్గర ఇరుక్కుపోయాం.”

“భయపడకు నాన్నా. అక్కడే ఉండు.”

అద్దంలో చూశాడు. ఆ ఇద్దరూ మూడో దీపస్తంభం వైపు పరిగెడుతున్నారు. ఆ మాట అతను చెప్పింది ఒక్కరికే.

కాపు కాస్తున్న కమాండోలు వాళ్లను అక్కడే పడగొట్టారు. రెండో జట్టు బాబాయ్ గదికి బయల్దేరింది.

“ఫిల్మ్ మెషిన్‌లో పెట్టి చూసుకో,” అంది ముత్యం మెల్లగా.

“మొదటి పేరు నాకు తెలుసు.”

ట్రాఫిక్ పోలీసు చలానా పుస్తకంతో వచ్చాడు. “ఏంటయ్యా ఈ పొగ? దీంట్లో ఆ ఫ్లూయిడ్ పోయించవా?”

“దీనికి అక్కర్లేదు సార్,” అన్నాడు నైన్, కళ్లు తుడుచుకుంటూ. “ఉల్లిపాయలు సార్. ఇంకేం లేదు.”