టెస్ట్ అల్లుడు

వరద మా వీధిలోకి వచ్చి నా పనిబల్లను ఎత్తుకుపోయిన ఏడు జరిగిందిది. నాకు వడ్రంగం తప్ప మరోటి రాదు. మాటలు ఇంకా తక్కువ. చూసింది చెప్తాను.

మా తమ్ముడు బతికుండగా మా వంశవృక్షాన్ని వెబ్‌సైట్‌గా పెట్టాడు. ఎవరికి ఎవరు ఏమవుతారో ఫొటోలతో సహా అందులో ఉండేది. వాడు పోయాక మా చిన్నమ్మాయి చూసుకునేది. ఇంట్లో దాన్ని కలెక్టరంటాం, అందరికీ ఆర్డర్లు వేస్తుంది గనక. ఆ వరదలోనే సైట్ ఉన్న పాత సర్వర్ మునిగింది. కంపెనీవాళ్ళు కొత్త సర్వర్‌లోకి మార్చారు. ఇక సైట్ తెరిస్తే తెల్ల పేజీ, దాని మీద ఎర్రర్లు.

ఫోన్లో కలెక్టర్ తిట్లు పడలేక కంపెనీ ఒక అబ్బాయిని ఇంటికే పంపింది. గొడుగుండి కూడా తడిసి వచ్చాడు.

"మా చిన్నాన్న సైట్‌ని చంపింది మీరేనా?" గుమ్మంలోనే అడిగింది అమ్మాయి.

"చంపలేదండీ. సాఫ్ట్‌వేర్ బాగా పాతది. కొత్త సర్వర్‌తో పడటం లేదు. అప్‌గ్రేడ్ చేయాలి."

"అంటే మీ సర్వర్‌కి పెద్దవాళ్ళంటే గౌరవం లేదన్నమాట!"

"నాకుందండీ," అని నాకు దణ్ణం పెట్టాడు.

అమ్మాయి నవ్వు కనపడకుండా అటు తిరిగి, మూసే ఉన్న కిటికీని మళ్ళీ మూసింది.

ఇంట్లో ఒకటే కుర్చీ. తక్కినవి వరదకి పోయాయి. వడ్రంగి ఇంట్లో ఒకటే కుర్చీ ఏమిటని మా ఆవిడ రోజూ అనేది. కుర్చీలో అమ్మాయి, బోర్లించిన బకెట్ మీద అబ్బాయి. అలా మొదలైంది పని.

అసలు సైట్‌ని ముట్టకుండా ముందు దాని కాపీ మీద చేసి చూడాలట. మొదటిసారి చేస్తే చుట్టరికాలన్నీ తారుమారయ్యాయి. మా ఆవిడ నాకు అత్తగారై కూర్చుంది.

"ఇన్నాళ్ళకి తగిన మర్యాద దొరికింది," అంది మా ఆవిడ.

"సరిచేస్తానండీ," అన్నాడు అబ్బాయి కంగారుగా.

"తొందరేం లేదు నాయనా."

ఎలాగో సరిచేశాడు. సైట్ లేచింది. మా తమ్ముడి ఫొటో కనపడగానే అమ్మాయి చున్నీ చివరతో తెర తుడిచింది. అబ్బాయి తెరకేసి చూడలేదు, అమ్మాయికేసి చూశాడు. నేను చూరుకేసి చూశాను.

ఆ తర్వాత కూడా అబ్బాయి వస్తూనే ఉన్నాడు. ఒక ఆదివారం వచ్చి, కాసేపు కంప్యూటర్ మీద టకటకలాడించాడు. ఉన్నట్టుండి మా అక్క ఫోన్.

"ఏరా, నాతో మాటైనా చెప్పకుండా అల్లుణ్ణి తెచ్చేసుకున్నావా?"

"నాకు తెలీదు."

"నీకెప్పుడు తెలిసింది గనక! కుర్రాడు బాగున్నాడులే."

అక్క ఫోన్ పెట్టగానే బావమరిది. ఆ వెనకే మేనల్లుడు. చుట్టాలందరికీ మెయిల్ వెళ్ళింది: "మన చెట్టుకి కొత్త కొమ్మ వచ్చింది. పలకరించండి!" ఆ మాటలు మా తమ్ముడు ఎప్పుడో రాసి పెట్టినవి. కొత్త మనిషి చేరితే వాటంతటవే వెళ్తాయట.

అబ్బాయి మొహం పాలిపోయింది. "మొగుడూపెళ్ళాల లింకు పనిచేస్తోందో లేదో చూద్దామనీ... కాపీలో పెట్టాననుకున్నానండీ. అసలు సైట్‌లో పడింది."

అమ్మాయి తెర మీద చదివింది. దాని పేరు పక్కన, మొగుడి గడిలో: టెస్ట్ అల్లుడు.

"నాకే ఎందుకు పెట్టారు?"

"చెట్టంతటిలో పెళ్ళీడొచ్చి ఇంకా పెళ్ళికానివారు మీరొక్కరేనండీ."

"టెస్ట్‌కి పుట్టినరోజెందుకు? మీ అమ్మానాన్నలెందుకు? ఫొటో కూడానా! దువ్వుకుని మరీ దిగారు!"

"ఫొటో ఎక్కుతుందో లేదో చూడాలి కదండీ."

"తీసెయ్యండి."

అబ్బాయి మౌస్ మీద చెయ్యి వేశాడు. తియ్యలేదు. "పని మొన్నే అయిపోయిందండీ. చెప్తే ఇక రావడానికి వంక ఉండదని... మీరు కాదంటే ఇప్పుడే తీసేసి వెళ్ళిపోతాను."

మళ్ళీ ఫోన్ మోగింది. ఎత్తలేదు.

"మొన్నే అయిపోయిందని నాకూ తెలుసు," అంది అమ్మాయి బకెట్‌కేసి చూస్తూ. "మరి పొద్దున ఎర్రర్ వచ్చిందని ఫోన్ చేసిందెవరు?"

"మీరే."

"ఎర్రర్ కనపడిందా మీకు?"

అబ్బాయి బకెట్ మీంచి లేచాడు. తర్వాత ఇద్దరూ నాకేసి తిరిగారు.

"నాన్నా?" అంది అమ్మాయి. దాని జన్మలో ఆర్డర్ వెయ్యకుండా అడిగింది అప్పుడే.

"ఉండనీ," అన్నాను.

అమ్మాయి మౌస్ లాక్కుని, ఆ గడిలో 'టెస్ట్' అన్న మాటొక్కటీ చెరిపేసింది.

మర్నాడు పొద్దున్నే వరదకి తడిసి ఆరిన చెక్కల్లో వంకర పోనిదొకటి ఏరి, చిత్రిక పట్టడం మొదలుపెట్టాను.

మా ఆవిడ వచ్చి చూసింది. "కుర్చీయేనా? నేనడిగినప్పుడు తీరికే లేదుగా!"

నేను చిత్రిక పడుతూనే ఉన్నాను.