దారం మీద నల్ల మరక

1955 డిసెంబరు 25. పలాస. ఉదయం పదిన్నర.

"కత్తెరెట్టకే!" అత్తగారు రత్నాలమ్మ కేక వేసింది. "మంచి దారం. ముడి ఇప్పితే మళ్ళీ పనికొత్తాది."

"మూర దారానికి ఇంత గొడవేటత్తా?" నయోమి కత్తెర కింద పెట్టింది.

"బట్టీలో కూలికెళ్ళినోళ్ళకి వస్తువు ఇలువేటి తెలుత్తాది? నువ్వే ఇప్పు."

నయోమి ముడి విప్పి, అట్టపెట్టెను ఆడపడుచు మగ్దలీనకు ఇచ్చింది.

చర్చి నుంచి వచ్చాక చాప మీద కూర్చుని క్రిస్మస్ బహుమానాలు ఇచ్చుకోవడం ఆ ఇంటి ఆనవాయితీ. ఈ పెట్టెలోది నయోమి మొగుడు యేసుదాసు మాస్టారు చెల్లెలికిస్తున్న బంగారు గొలుసు.

మగ్దలీన లోపలి తెల్ల కాగితం మడత తీసింది. గొలుసు లేదు. గుప్పెడు జీడిపప్పు ఉంది.

అందరూ నయోమి వైపు చూశారు. జీడి బట్టీలో పిక్కలు కొట్టేది ఆమె ఒక్కతే.

"గొలుసు కాజేసి పప్పెట్టింది! దీన్ని ఇప్పుడే పూండి బండెక్కించండి," అంది రత్నాలమ్మ. పూండి నయోమి పుట్టిల్లు.

"దొంగన్న పేరుతో నాను ఎల్లను," అంది నయోమి.

మొగుడు యేసుదాసు నేల చూపులు చూశాడు. మగ్దలీన భర్త దావీదు సైకిలెక్కాడు. పదకొండుంబావుకి ఎస్.ఐ. కూర్మనాథాన్ని తీసుకొచ్చాడు.

"పెట్టె ఎవరు కట్టారు?"

"నేనే," అన్నాడు యేసుదాసు. "నిన్న సాయంత్రం ఆరింటికి. గొలుసు కాగితంలో చుట్టి పెట్టాను. పెట్టె అమ్మ గదిలో ఉంచాను."

"నువ్వెప్పుడు ముట్టుకున్నావమ్మా?"

"ఇందాకే బాబూ, ముడి ఇప్పినప్పుడు."

"అబద్ధం! దారం సూడండి. దీని సేతి నలుపు ఎలగంటుకుందో!" అంది రత్నాలమ్మ.

ఎస్.ఐ. దారం చూశాడు. నల్ల మరక నిజమే. నయోమి చేతులు చూపించమన్నాడు. జీడి సొనకు వేళ్ళు నల్లబడి, చర్మం పొరలుగా లేచింది.

"కడిగితే పోదా?"

"పోదు బాబూ. మంటకి కొబ్బరినూనె రాత్తాను. నూనెతో నలుపు దిగుతాది. ఏది ముట్టినా అంటుతాది."

"వంట?"

"అందుకే దీన్ని వంటింట్లోకి రానివ్వను," అంది రత్నాలమ్మ.

ఎస్.ఐ. తల ఊపాడు. తన నోట్‌బుక్‌లో కాగితం చింపి నయోమికి ఇచ్చాడు. బొటనవేలి గుర్తు నల్లగా పడింది. దాని పక్కనే పెట్టెలోని కాగితం పరిచాడు. ఒక్క చుక్క లేదు. పప్పు మీదా లేదు.

"దారం మీద మరక ఇప్పటిది. మీరు పట్టుబట్టి ఆమెతోనే విప్పించారు కనక పడింది. లోపల పెట్టిన చేతులు శుభ్రమైనవి. ఇది పిక్క కొట్టగానే వచ్చే పప్పు కాదు, పొట్టు ఒలిచింది. ఈ ఇంట్లో ఎక్కడుంది?"

"పాయసానికి కొన్నదే. అమ్మ బీరువాలో..." మగ్దలీన ఆగిపోయింది.

తాళంచెవి రత్నాలమ్మ నడుముకే ఉంది.

"ఆమె ఏది ముట్టినా నల్లబడుతుందని వంటింటి గడప తొక్కనివ్వలేదు. ఈ కాగితం దగ్గర ఆ సంగతే మరిచారు," అన్నాడు ఎస్.ఐ.

రత్నాలమ్మ బీరువా తీసి గొలుసు చాప మీద విసిరింది.

"నా కొడుకు మేష్టరు. కోడలు కూలిది. చర్చిలో నలుగురూ నవ్వుతన్నారు. దొంగని తేలితే గానీ ఈడు దీన్ని వదలడు!"

"కేసు రాయమంటావా?" ఎస్.ఐ. అడిగాడు.

"ఒద్దు బాబూ," అంది నయోమి.

పన్నెండూ నలభైకి భోజనాలు. రోజూ వసారాలో వేసుకునే విస్తరిని నయోమి ఆ వేళ అందరితో పాటు వరసలో వేసింది.

మగ్దలీన గొలుసు చాచింది. "అన్న ఇచ్చిందే గానీ, నాకొద్దు వదినా."

"ఉంచుకో. మీ అన్నిచ్చింది కాదు. ఏడాది నా బట్టీ కూలి. తన పేరే సెప్పమన్నాడు, సెప్పినాను." మొగుడి వైపు తిరిగింది. "నన్ను దొంగన్నప్పుడైనా నిజం సెప్తావనుకున్నాను."

యేసుదాసు కలిపిన అన్నమే మళ్ళీ కలుపుతున్నాడు.

నయోమి పాయసం గరిటె తానే అందుకుంది. పిడి మీద నాలుగు వేళ్ళూ నల్లగా పడ్డాయి.

"అత్తా, నాను పూండి ఎల్లను. ఈ సాయంత్రం నుంచి వసారాలో నా పొయ్యి ఏరు. నీ కొడుకు ఏ పొయ్యి కాడ కూకుంటాడో ఆయన్నే అడుగు. నాను మాత్రం పిలవను."