ఇంటి లోపలి నంబరు

బుధవారాల్లో బడి ఒంటిపూటే కాబట్టి మధ్యాహ్నానికే వదిలేశారు. హిస్కే వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఒక చేత్తో రొట్టె తింటూ, ఇంకో చేత్తో నాన్న ట్యాబ్ పట్టుకుంది. బల్ల మీది ఫోన్లోంచి క్లాస్‌మేట్ యొరిత్ గొంతు వస్తోంది.

"నా ఆట రెడీ. మా ఇంటి కంప్యూటర్‌లోనే నడుస్తోంది. గాలిమర ఒకటి తిరుగుతూ ఉంటుంది. చేతనైతే ఆపు, చూద్దాం."

"ముందు అడ్రస్ చెప్పు."

"192.168.1.40. సరిగ్గా కొట్టు, కోళ్లమ్మా."

హిస్కే వాళ్లకు కోళ్ల ఫారం ఉంది. అందుకని క్లాసులో ఆమెకు ఆ పేరు. వినగానే ఒళ్లు మండింది. గబగబా నంబరు కొట్టింది.

పేజీ తెరుచుకుంది. తిరుగుతున్న ఆకుపచ్చ రెక్కలు. పక్కన ఏవో అంకెలు. కింద ఎర్ర బటన్.

"ఇదేనా నీ ఆట? మా తమ్ముడు ఇంతకంటే బాగా గీస్తాడు" అంటూ బటన్ నొక్కేసింది. రెక్కలు ఆగిపోయాయి. "అయిపోయింది. నీ గాలిమర ఆగింది."

"ఎక్కడ ఆగింది? నా కళ్లముందే తిరుగుతోంది. కోతలు కోయకు."

హిస్కే తెర మీంచి తలెత్తింది.

ఇంట్లో ఏదో మారింది. పెరటి అవతల కోళ్ల షెడ్డు నుంచి రాత్రీ పగలూ వినిపించే హోరు లేదు. అది ఉన్నంతకాలం దాన్ని ఆమె ఎప్పుడూ పట్టించుకోలేదు. ఇప్పుడు అది లేకపోయేసరికి చెవులు గుయ్యిమంటున్నాయి.

మళ్లీ పేజీ వైపు చూసింది. పైన చిన్న అక్షరాల్లో ఉంది: రెండో షెడ్డు, ఫ్యాన్లు.

"సర్లే, నీ వల్ల కాదు. సాయంత్రం క్లాస్ గ్రూపులో పెడతా" అంటున్నాడు యొరిత్. హిస్కే ఫోన్ పెట్టేసింది.

ఫ్యాన్లు మళ్లీ తిరగాలని అదే బటన్ నొక్కింది. కోడ్ అడిగింది. రెక్కల దగ్గర ఎవరి చెయ్యైనా ఉంటే ప్రమాదమని, మళ్లీ తిప్పాలంటే కోడ్ కొట్టేలా నాన్న పెట్టించాడు. అది ఆయనకు ఒక్కడికే తెలుసు.

కిటికీలోంచి చూస్తే నాన్న అప్పటికే షెడ్డు వైపు పరుగెడుతున్నాడు. హిస్కే కూడా ట్యాబ్‌తో పరుగెత్తింది.

జూన్ ఎండ. షెడ్డు తలుపు తీయగానే వేడి ముఖానికి కొట్టింది. కోళ్లు ముక్కులు తెరిచి రొప్పుతున్నాయి. రెక్కలు ఒంటికి ఆననివ్వకుండా ఎడంగా పట్టుకుని నిలబడ్డాయి. మూలనున్నవి ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి.

నాన్న ఫ్యూజుల పెట్టె తెరిచి ఒక్కొక్కటే చూస్తున్నాడు. "అన్నీ బాగానే ఉన్నాయే. మరి ఎందుకాగింది? హిస్కే, అమ్మతో చెప్పు, ఎలక్ట్రీషియన్‌ని పిలవమను."

వెళ్లిపోవచ్చు. ఎలక్ట్రీషియన్ వస్తాడు, వెతుకుతాడు, ఎలాగో నడిపిస్తాడు. ఎవరికీ తెలియదు.

కాళ్ల దగ్గర ఒక కోడి మెల్లగా ఒరిగిపోయింది.

"నాన్నా, ఫ్యూజు కాదు." ఆమె గొంతు ఆమెకే వినబడలేదు. గట్టిగా చెప్పింది. "నేనే ఆపాను. ట్యాబ్‌లో. కోడ్ కొట్టు."

నాన్న గిరుక్కున తిరిగాడు. ట్యాబ్ లాక్కుని కోడ్ కొట్టాడు. ముందు ఒక ఫ్యాన్ మూలిగింది. తర్వాత ఇంకొకటి. కాసేపటికి హోరు అందుకుంది.

మూలన కొన్ని కోళ్లు మళ్లీ లేవలేదు. నాన్న వాటిని బకెట్లో వేస్తుంటే హిస్కే బకెట్ పట్టుకుంది.

సాయంత్రం ఇంటికి వచ్చి చేతులు కడుక్కున్నాక నాన్న అడిగాడు. "ఆ పేజీలోకి ఎందుకు వెళ్లావు?"

"అది యొరిత్ వాళ్లింటి అడ్రస్ అనుకున్నాను. వాడే ఇచ్చాడు."

నాన్న కుర్చీలో కూలబడ్డాడు. "మీ క్లాసు బయట కోట్లు తగిలించే కొక్కేలకు నంబర్లున్నాయి కదా?"

"ఉన్నాయి."

"పక్క క్లాసు బయట?"

"అక్కడా ఒకటి నుంచే."

"నాలుగో కొక్కెం మీది కోటు తెమ్మంటే ఎవరిది తెస్తావు?"

హిస్కే ఆలోచించింది. "నేను ఏ క్లాసు ముందుంటే ఆ క్లాసుదే."

"ఇదీ అంతే. మన రూటర్ మనింటి వస్తువులకు నంబర్లిస్తుంది. వాళ్ల రూటర్ వాళ్లింట్లో అవే నంబర్లిస్తుంది. ఆ నంబరు గడప దాటి పోదు. నువ్వు ఇక్కడ కూర్చుని కొడితే ఇక్కడి తలుపే తెరుచుకుంటుంది." ముఖం రుద్దుకున్నాడు. "కోడ్ లేకుండానే ఆపగలిగేలా ఉంచడం నా తప్పు. రేపే మారుస్తాను."

అప్పుడే ఫోన్ మోగింది. క్లాస్ గ్రూపులో యొరిత్ మెసేజ్. "అందరూ ఇది కొట్టండి: 192.168.1.40. కనబడినదాన్ని ఆపినవాళ్లు గెలిచినట్టే."

హిస్కే ఆ మెసేజ్ రెండుసార్లు చదివింది. క్లాసులోని నింకే వాళ్లు గాజు షెడ్డులో టమాటాలు పండిస్తారు. ఇంకొకరింట్లో పాలు చల్లబరిచే ట్యాంకు ఉంది. ఎవరింట్లో ఆ నంబరు దేనిదో ఎవరికి తెలుసు?

చెబితే ఇక ఏడాదంతా కోళ్లమ్మే. అయినా రాసింది.

"ఎవరూ కొట్టకండి. అది యొరిత్ ఇంటికి వెళ్లదు, మీ ఇంట్లోనే ఏదో తెరుచుకుంటుంది. నేను కొట్టి మా షెడ్డు ఫ్యాన్లు ఆపేశాను. కోళ్లు చచ్చిపోయాయి."

ముందుగా నవ్వే కోడి బొమ్మ వచ్చింది. ఆ వెనకే ఇంకొకటి. హిస్కే చెవులు వేడెక్కాయి. అయినా ఫోన్ కింద పెట్టలేదు.

ఇంతలో నింకే రాసింది. "నేను కొట్టేశాను. ఏదో పేజీ వచ్చింది. బటన్ ఉంది. ఇంకా నొక్కలేదు."

"నొక్కకు" అని రాసింది హిస్కే. "ఆ పేజీ అలాగే ఉంచి మీ అమ్మను పిలువు. ఆవిడ వచ్చేదాకా నేనిక్కడే ఉంటాను."