పాత రేవు గదిలో సిస్టర్ మెరిల్

మా మలైతా దీవి తీరంలో, పాత రేవు చివరి రేకుల గది దగ్గర చీకటిపడ్డాక పడవ ఆపే మగాడు లేడు. ఆస్ట్రేలియా నుంచి జీతం లేకుండా నర్సింగ్ పాఠాలు చెప్పడానికొచ్చిన సిస్టర్ మెరిల్ సముద్రంలో పడి చనిపోయిందనీ, రాత్రుళ్లు ఆ గదిలో ఆవిడ గొంతు లెక్కపెడుతుందనీ చెప్పుకునేవారు.

చనిపోయిందని ఎలా తెలుసంటారా? పందిని కాల్చి, చాపలు కానుకిచ్చి, అందరూ ఏడ్చి సాగనంపకుండా మా దగ్గర్నుంచి ఎవరూ వెళ్లరు. ఆవిడకి ఆ విందు జరగలేదు. కాబట్టి సముద్రమే మింగింది — అంతే.

నేను నోరు మెదపలేదు. మొసలి దవడల్లోంచి తెడ్డు లాక్కున్నవాణ్ణి; ఆ మొసలి ఇప్పటికీ నన్ను చూస్తే పక్కకి తప్పుకుంటుంది. అలాంటివాణ్ణి, ఒక్క మాట దాచలేనా? ఆరు నెలల కిందట, తెల్లవారుజామున ఆవిణ్ణి విమానానికి చేర్చింది నా పడవే!

"పిల్లలకి చెప్పకు. వాళ్ల మొహాలు చూస్తే వెళ్లలేను" అంది.

ఒకరోజు వక్కలమ్మే లోయిస్ నలుగురిలో ఎత్తిపొడిచింది. "మొసలిని కొట్టినోడివి గదా, ఆ గదిలోకి తొంగిచూసి రా బావా!"

బతికున్న మనిషికి దెయ్యమేమిటి? నవ్వుకుంటూ వెళ్లాను.

అమావాస్య. కాళ్లకింద రేవు చెక్కలు కిర్రుమంటున్నాయి... తలుపు దగ్గర ఆగాను.

"ఒకటి... రెండు... మూడు... ఊదు."

ఆవిడ గొంతే! ముక్కుతో సాగదీసే అదే యాస. ఏడు తుపాన్లకి చలించనివాణ్ణి — రెండడుగులు వెనక్కి వేశాను. పళ్లు బిగించి తలుపు తోశాను.

టార్చి వెలుతురులో నర్సింగ్ పిల్లలు. మధ్యలో, పసికందుకి ఊపిరి ఊదడం నేర్చుకునే రబ్బరు బొమ్మ. సిస్టర్ వదిలేసిన ఏప్రన్ కట్టుకుని ఆవిడలాగే లెక్కపెడుతున్నది... నా మేనకోడలు ఎద్నా!

"అరవకు మావయ్యా" గుసగుసగా అంది. "పరీక్ష పెట్టి మమ్మల్ని నర్సుల్ని చేస్తానని మాటిచ్చింది. అది తీరకుండానే పోయింది పాపం. అందుకే రోజూ వస్తుంది. మా వెనకే నిలబడుతుంది."

ఇక ఆపుకోలేకపోయాను. "రాదే తల్లీ... ఆవిడ చావలేదు. నేనే విమానానికి దింపాను."

ఎద్నా నా దగ్గరికొచ్చింది.

"మాకేమైనా చెప్పమందా?"

"...చెప్పొద్దంది."

ఎద్నా మెల్లగా ఏప్రన్ ముడి విప్పింది. పక్కపిల్ల దాని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మరి... మన వెనక నిలబడేది ఎవరే?"

ఎద్నా తిరిగి చూడలేదు.

"ఎవరైతేనేం. ఆవిడలా చెప్పకుండా మాత్రం పోలేదు."