విండో మూసిన అమ్మాయి

అక్షరాలు నా దగ్గరికి ఆలస్యంగా వచ్చాయి. మా ఆయన పోయాక మేనల్లుడి దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. ఎక్కడైనా ఒత్తు జారినా, కథ నత్తనడక నడిచినా చదివేవాళ్ళు సర్దుకోవాలి.

మేనల్లుడు ఒక రక్తపరీక్షల ల్యాబులో కంప్యూటర్లు చూసుకునేవాడు. నేను అక్కడే టీ కాచి ఇచ్చేదాన్ని. అందరికీ అత్తయ్యనే. ల్యాబుకి ఊరవతల ఇంకో శాఖ ఉంది. అక్కడి రిపోర్టులు ఇక్కడికి రావాలంటే, ఇంటర్నెట్టులోనే బయటివాళ్ళెవరూ తొంగిచూడలేని దారి ఒకటి ఉండాలట. దాన్ని వీపీఎన్ టన్నెల్ అంటారు. వాడు రోజూ పొద్దున్నే వచ్చి, నల్లటి విండోలో ఒక లైను కొట్టి ఆ దారి తెరిచేవాడు. విండో మూస్తే దారీ మూసుకుపోతుంది. అందుకని మానిటరు మీద కాగితం అంటించాడు: "దయచేసి ఈ విండో మూయవద్దు." నేను కూడబలుక్కుని చివరిదాకా చదివిన మొదటి వాక్యం అదే.

ఈ పని సరిచేయమని యజమాని ఒక అమ్మాయిని పిలిపించాడు. ఆ అమ్మాయి వచ్చింది, సంచి కుర్చీకి తగిలించింది, విండో మూసింది.

రిపోర్టులు ఆగాయి. మావాడు పరుగున వచ్చాడు.

"ఆ కాగితం కనబడలేదా అండీ?"

"కనబడింది. చదివే మూశాను. ఒక మనిషి కాపలా కాస్తే గానీ బతకనిది ఒక టన్నెలేనా?"

"ఇన్నాళ్ళూ బతికింది కదా."

"మీరు సెలవు పెట్టలేదు కాబట్టి."

అది నిజమే. జ్వరమొచ్చినా వెళ్ళేవాడు. నేను ఇద్దరికీ టీ ఇచ్చాను. వాడు విండో మళ్ళీ తెరిచి, తన కప్పులో చక్కెర రెండుసార్లు వేసుకున్నాడు.

అప్పటినుంచి ఇద్దరూ ఒకే బల్ల దగ్గర. టన్నెల్‌ని సర్వీసుగా మార్చాలంది ఆ అమ్మాయి. అంటే లినక్స్ మిషను, అదే ఆ కంప్యూటరు, లేవగానే దారి తనంతట తానే తెరుచుకుంటుంది, మనిషి అక్కర్లేదు. రీస్టార్టు చేసినా టన్నెల్ నిలబడిన రోజున తన పని అయిపోతుందనీ, వేరే చోటికి వెళ్ళిపోతాననీ కూడా చెప్పింది.

అది వినగానే మావాడికి కంగారు పుట్టింది. పరిచయమై వారం తిరక్కముందే, వాన పడుతుంటే గొడుగు ఇవ్వడానికి వెళ్ళి పెళ్ళి మాట ఎత్తాడు. "మీ గురించి నాకేం తెలుసని?" అని ఆ అమ్మాయి గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి వాడు సగం అన్నంలోనే చెయ్యి కడుక్కున్నాడు. ఇంకోసారి అడిగి చూడరా అన్నాను. వద్దన్నవాళ్ళ వెంటపడటం పద్ధతి కాదన్నాడు. అదీ సబబే. ఆ తర్వాత ఇద్దరి మధ్యా పని మాటలే నడిచాయి. గొడుగు మాత్రం తిరిగి రాలేదు.

సర్వీసు ఫైలు మావాడే రాశాడు. చేత్తో స్టార్ట్ చేస్తే టన్నెల్ చక్కగా తెరుచుకునేది. మిషనుతోపాటు లేచేలా ఎనేబుల్ కూడా చేశాడు. రీస్టార్టు చేసి చూస్తే మాత్రం పడిపోయి ఉండేది. ఎన్నిసార్లు చూసినా అంతే. వాడు తల పట్టుకుంటే, ఆ అమ్మాయి, మిషను తను చేసిందంతా రాసిపెట్టుకునే లాగ్ తెరిచి చదివి ముసిముసిగా నవ్వింది.

"సర్వీసుకీ మీ తొందరే వచ్చింది. ఇంటర్నెట్ లైను రాకముందే లేచి అవతలివాళ్ళని పిలిచింది. ఎవరూ పలకలేదు. అంతే, మళ్ళీ పిలవకుండా పడుకుంది."

"మరేం చేయాలి?"

"రెండు మాటలు రాయండి. నెట్‌వర్క్ వచ్చాక లే అని. పడిపోతే కాస్త ఆగి మళ్ళీ లే అని."

వాడు రాశాడు. మిషను రీస్టార్టు చేశారు. ముగ్గురం నల్లటి తెరకేసి చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి అవతలి శాఖ రిపోర్టు ప్రింటరులోంచి బయటికొచ్చింది. ఎవరూ కీబోర్డు ముట్టుకోలేదు.

మావాడు మానిటరు మీది కాగితం పీకేశాడు. వాడి మొహం పని గెలిచినవాడి మొహంలా లేదు. అమ్మాయి సంచి సర్దుకుని తలుపుదాకా వెళ్ళి ఆగింది.

"పడిపోతే మళ్ళీ లేవమని మిషనుకైతే రాశారు. మీకెవరు రాయాలి?"

వాడు చేతిలో కాగితంతోనే అటు తిరిగాడు. "మీరు కాదన్నారు కదండీ."

"కాదనలేదు. ఏం తెలుసని అన్నాను. ఇప్పుడు తెలుసు. రిపోర్టు ఆలస్యమైతే పేషెంటుకి మీరే ఫోన్ చేసి తప్పు మీ మీదే వేసుకుంటారు. ఉక్రోషం వస్తే చక్కెర రెండుసార్లు వేసుకుంటారు."

వాడు లేచి నిలబడ్డాడు. ఈసారి తొందరపడలేదు. "పెళ్ళి చేసుకుందామా?" అని నెమ్మదిగా అడిగాడు.

అమ్మాయి నావైపు తిరిగింది. "ఏమంటారు అత్తయ్యా?"

"నన్నడిగేదేముందమ్మా. లైను వచ్చాకే పిలిచాడుగా."

ఆ అమ్మాయి నవ్వి, సంచిలోంచి మా గొడుగు తీసి విప్పింది. బయట చినుకైనా లేదు. అయినా ఇద్దరూ దాని కిందే వెళ్ళారు.

ఇది రాసింది మేనత్త. వయసు అరవై ఏడు. ఇప్పుడు ఉంటున్నది వాళ్ళింట్లో, మెట్ల పక్క గదిలో.