ద్వారం_వెళ్ళిరా

హైమ మంచుస్థావరాలను నడిపే ప్రోగ్రాం కెర్నెల్‌లో మూడో పొర పేర్లు సరిచేస్తోంది. ఊపిరి_వదులు, ఊపిరి_విడువు రెండూ ఒకే పని చేసే మాక్రోలు, యంత్రాలకిచ్చే ఆజ్ఞల మూటలు. ఒకటి ఉంచి రెండోది తీసేసింది. ఒక పనికి ఒకే పేరు అన్నది మంచుస్థావరాలన్నిటి నియమం. పూర్వం తలా ఒక పేరు పెట్టడం వల్ల తలుపుకు వెళ్ళాల్సిన ఆజ్ఞ పొయ్యికి వెళ్ళిన రోజులున్నాయి. ఆ పేర్లు పెట్టినవాళ్ళలో చాలామంది ఓడలెక్కి వెళ్ళిపోయారు. ఇక్కడ హైమ ఒక్కతే మిగిలింది. పలకరించే దిక్కు లేక, మార్చిన ప్రతి పేరునూ పైకి చదువుకోవడం అలవాటు చేసుకుంది.

తప్పులు పట్టే సరిచూపు తెరమీద ఒక పేరు ఎర్రబడింది. ద్వారం_వెళ్ళిరా. మిగతా చోట్లన్నీ ద్వారం_వెళ్ళు అనే ఉంది.

అది పైడిరాజు రాసింది. విజయనగరం మనిషి. పక్క కుర్చీలో కూర్చుని, "ఎల్లు అంటావేటి హైమా? గడప దాటినోడిని అలగ అనకూడదు," అని నవ్వేవాడు. ఒక తుఫానులో మంచు కొలవడానికి ఈ గుమ్మంలోంచే వెళ్ళి మరి రాలేదు.

హైమ మాక్రో విప్పి చూసింది. ద్వారం_వెళ్ళు మనిషిని పంపి, తలుపు మూసి, దీపం ఆర్పేస్తుంది. పైడిరాజు మాక్రోలో మరో వరుస ఉంది. వెళ్ళిన మనిషి తిరిగొచ్చేదాకా గుమ్మం దీపం వెలగాలి. అందుకేనా ఈ గుమ్మం దీపం ఇన్నాళ్ళూ ఆరలేదు! ఆమెకు ఏడుపొచ్చింది.

నియమాలు చూసే అప్పలాచారి గారు ఉత్తర స్థావరంలో ఉంటారు. ఆయన్ని పిలిచింది.

"పేరు ఒకటి చేస్తే పైడిరాజు దీపం ఆరిపోతుందండీ."

"అతను రాడమ్మా. నీకూ తెలుసు."

"తెలుసండీ."

"మరింకేం? గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? ఆ ఒక్కటీ మార్చెయ్యి."

హైమ తెర వైపు తిరిగింది. నియమం ఒకే పేరు ఉండాలంటుంది గానీ, ఏ పేరో చెప్పదు. ద్వారం_వెళ్ళు అన్న ప్రతిచోటా ద్వారం_వెళ్ళిరా అని మార్చి, పైకి చదివి, పంపేసింది. సరిచూపులో ఎరుపు ఎక్కడా లేదు.

స్థావరాలన్నిటికీ కెర్నెల్ ఒక్కటే. ఎవరో వెళ్ళి తిరిగిరాని గుమ్మాలన్నిట్లో ఎప్పుడో ఆరిపోయిన దీపాలు ఒక్కొక్కటే వెలగసాగాయి. కరెంటు నిల్వ తగ్గుతున్నట్టు గంట మోగింది. వెంటనే అప్పలాచారి గారి పిలుపు వచ్చింది.

"ఏం చేశావమ్మా? ఖాళీ స్థావరాల్లో కూడా దీపాలు వెలుగుతున్నాయి. మా గుమ్మం కూడా వెలిగింది."

"మీ గుమ్మానికి ఎవరు రావాలండీ?"

గంట మోగుతూనే ఉంది.

"మా తమ్ముడు," అన్నారాయన. "ఆ గంట ఒక్కటీ ఆపెయ్యి తల్లీ. దీపాలు ఉండనియ్యి."